మట్టి కుదురుకునేదాకా

మారికుప్పం,
ఆదివారం మధ్యాహ్నం

నా బంగారు నేత్రకు,

అమ్మ ముద్దులు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా అని నేను, తిన్నాను అని నువ్వు, అంతటితో మన మాటలు అయిపోతున్నాయి. వెనకాల నీ హాస్టల్లో ఎవరో బాత్‌రూము తలుపు బాదుతుంటారు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చాను. బడిలో కన్నడం చాలదా, ఇంట్లో ఈ తెలుగు ఎందుకని ఏడుస్తుంటే పలక మీద నీ చేయి పట్టి దిద్దించాను. ఆ ఏడుపు ఊరికే పోకూడదు. నాకు ఉత్తరాలు రాయి.

కొత్త పని దొరికింది. ఊరిగాం మిట్ట మీద తెల్లదొరల కాలంనాటి బంగళా ఒకటి ఉంది చూడు, చిన్నప్పుడు నువ్వు అన్నం తినకపోతే దయ్యాల కొంప అని చూపించేదాన్ని. దాన్ని బెంగళూరువాళ్ళు కొన్నారు. ఇల్లు బాగు చేయించి సున్నం కొట్టించారు. ఇప్పుడు ముందరి నేలంతా చదును చేసి పచ్చిక పరచాలట. మేస్త్రీ నన్నూ పక్కింటి రత్ననూ పిలిచాడు.

పొదలన్నీ కొట్టి కాల్చేశాక నేల బయటపడింది. ఎలా ఉందంటే, దుప్పటి కప్పుకొని ఎవరో ఒత్తిగిలి పడుకున్నట్టుంది. ఒకచోట మోకాలు, ఒకచోట భుజం, మధ్యలో గుంట. రత్న నడుం మీద చేతులు పెట్టుకొని, "దీన్ని యాడ నుంచి మొదలుపెట్టేదక్కా?" అంది. నాకూ తెలియలేదు.

మాతోపాటు చిక్కవెంకటప్ప అని ఒకాయన ఉన్నాడు. మన బంగారు గని మూసేదాకా భూమి లోపల మొద్దులు నిలబెట్టే పని చేశాడట, పైన రాయి కూలకుండా. ఛాంపియన్ రీఫ్ లైన్లలో, గని కూలీల వరస ఇళ్ళలో ఒకదాంట్లో ఒక్కడే ఉంటాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. మాట తక్కువ. మొదటిరోజు పొద్దుగూకేదాకా నాతో ఒక్క మాటే అన్నాడు. "చెప్పులేసుకోమ్మా, గాజుపెంకులుండాయి."

పొద్దున మేం పోయేసరికి మబ్బు మిట్ట మీదికి దిగి ఉంటుంది. కొండలంతటి గని మట్టి దిబ్బలు కనపడవు, వాటి అంచులు మాత్రం తెల్లగా గాలిలో తేలుతుంటాయి. కొండలు ఊరు వదిలి పోతున్నాయేమో అనిపిస్తుంది. ఎండ రాగానే మళ్ళీ వచ్చి ఎక్కడివక్కడ కూర్చుంటాయి.

ఆషాఢం చలిగాలి తిరిగింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చెవులకు గుడ్డ కట్టుకో.

నిన్నే తలుచుకునే
అమ్మ, సౌభాగ్య


నరసాపురం,
కోలారు జిల్లా,
శుక్రవారం

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం రాగానే మా గదిలో పెద్ద సందడి. ఒడిశా అమ్మాయి దాన్ని లాక్కొని అక్షరాల మీద వేలు తిప్పుతూ, మా అక్షరాలూ ఇలాగే గుండ్రంగా ఉంటాయి, కానీ ఇందులో ఒక్కటీ చదవలేను అంది. నేను చదివి హిందీలో చెప్పాను. కొండలు వచ్చి కూర్చున్న దగ్గర అందరూ అది మళ్ళీ చదవమన్నారు. వాళ్ళకూ ఏవో కొండలు గుర్తొచ్చి ఉంటాయి.

మా బైకుల ఫ్యాక్టరీలో నన్ను ఇప్పుడు అద్దాలు బిగించే చోటికి మార్చారు. నా దగ్గరకు వచ్చేసరికి బండికి అన్నీ ఉంటాయి, అద్దాలు తప్ప. రెండూ బిగించి, తుడిచి, పంపిస్తాను. ప్రతి అద్దంలోనూ నా ముఖం ఒక్క క్షణం కనబడి బండితోపాటు వెళ్ళిపోతుంది. షిఫ్టు అయ్యేసరికి నేను ఎన్ని ఊళ్ళకు పోయి ఉంటానో. ఎవరైనా అద్దంలో వెనక వచ్చే లారీని చూసుకుంటుంటే మధ్యలో నేను కనబడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తూ నిన్న ఒక నట్టు బిగించడం మరిచిపోయాను. సూపర్‌వైజర్ తిట్టలేదు, చూశాడంతే.

కంపెనీ బస్సులో కునుకు పట్టింది. కలలో మన లైను ముందరి నేలంతా చెరువులాగా అలలు పోతోంది. నువ్వు దాని మీద దుప్పటి పరుస్తున్నావు. నలుమూలలా లాగి లాగి సర్దుతున్నావు. అమ్మా మునిగిపోతావు అని అరుస్తున్నాను, నీకు వినపడటం లేదు. మెలకువ వచ్చేసరికి హాస్టలు ముందరే ఉన్నాం.

మీతో పనిచేసే ఆయన మాట తక్కువ అన్నావు. అయితే నాయనకు పూర్తిగా వ్యతిరేకమన్నమాట. నాయన మాట మొదలుపెడితే పక్కింటివాళ్ళు టీవీ ఆపేసి వినేవాళ్ళు కదా. ఆయన పోయిన ఈ ఆరేళ్ళలో మన ఇంట్లో అంత గట్టిగా ఎవరూ నవ్వలేదు.

నేల సంగతి రాయి. మోకాలు ఏమైంది, భుజం ఏమైంది?

నీ
నేత్ర


మారికుప్పం,
వాన వెలిశాక

నా చిట్టితల్లికి,

మోకాలూ భుజం రెండూ పోయాయి. ఒక పార లోతు తవ్వి తిరగేశాం. గడ్డలు పగలగొట్టి, వేళ్ళు ఏరి, చెరువుమట్టీ ఇసుకా మాగిన పేడ ఎరువూ కలిపాం. ఎర్రమట్టి చేతిలో పిండిలాగా అయింది. మేకులు పాతి దారాలు లాగాం. తరువాత నీళ్ళ ట్యూబు పట్టుకొని మట్టం చూడటం.

ఆ పని నీకు చెప్పాలి. పొడుగాటి గాజులాంటి ట్యూబులో నీళ్ళు నింపుతారు. ఒక చివర నేను పట్టుకోవాలి, ఇంకో చివర ఆయన. రెండువైపులా నీళ్ళు ఊగి ఊగి ఒకే ఎత్తులో నిలిచేదాకా ఇద్దరూ కదలకూడదు. గాలి పీలిస్తే కూడా నీళ్ళు కదులుతాయనిపిస్తుంది. ఆ కాసేపు పిట్టల అరుపు తప్ప ఏమీ ఉండదు. నీళ్ళు నిలవగానే ఆయన తల ఊపుతాడు, నేను మేకు మీద గీత పెడతాను. మళ్ళీ ఇంకో మేకు దగ్గరికి పోతాం. ఇంటి దిక్కు నుంచి రోడ్డు దిక్కుకు కంటికి తెలియనంత వాలు ఉండాలి, లేకపోతే వాననీళ్ళు గోడ కిందికి చేరతాయి.

అంతా అయింది, నున్నగా దువ్వినట్టు అయింది అనుకొని నీళ్ళు పెట్టాం. మర్నాడు పోయి చూస్తే ఎక్కడ చూసినా గుంటలు. నాకు ఏడుపొచ్చింది. పార పడేసి మెట్ల మీద కూర్చున్నాను. ఆయన వచ్చి, కొంచెం దూరంగా కూర్చున్నాడు.

"ఈ మట్టి శానా ఏండ్లు నిద్దరపోయిందమ్మా. మనము లేపినాము. ఇంగ మళ్ళా కుదురుకునేదానికి దానికీ టైము కావల్ల. ఒగ రెండు వానలు పోనీ. యాడ దిగితే ఆడ మట్టి పోస్తాము."

"అంతవరకూ ఏం చేసేది?" అన్నాను.

"సుమ్నే ఉండేది."

అలా ఊరికే, సుమ్నే కూర్చున్నప్పుడు అడిగాను, భూమి లోపల ఎలా ఉండేదని. మన లైన్లలో ఎంతమంది దిగారు, మీ తాత కూడా దిగాడు, అయినా ఎవరినీ అడగలేదు. ఆయన చెప్పాడు. "చీకటి నల్లగా ఉండదమ్మా. కండ్లు మూసినా తెరిచినా ఒగటే. దీపం ఆర్పి కూచుంటే రాయి పలకతాది, టిక్కు టిక్కుమని. అప్పుడు మొద్దు మీద చెయ్యి పెట్టి చూస్తా. మొద్దు వణకలేదంటే ఇంగ భయం లేదు. ఆడనే సంగటి తిని పండుకునేవాణ్ణి."

అప్పటి నుంచి నేల మీద నడుస్తుంటే నాకు ఒక ఊహ వస్తోంది. కింద ఎక్కడో చాలా లోతులో ఇంకా ఆ మొద్దులు నిలబడే ఉన్నాయి, మనం పైన అన్నాలు వండుకుంటున్నాం, పిల్లలు బడికి పోతున్నారు. నవ్వకు. వాన రోజుల్లో మనిషికి ఇలాంటి ఊహలే వస్తాయి.

అద్దంలో నీ ముఖం చూసుకున్నప్పుడు తల దువ్వుకున్నావో లేదో కూడా చూసుకో.

ప్రేమతో
అమ్మ


నరసాపురం

అమ్మకు,

ఆనంద్ చిన్నాయన ఫోన్ చేశాడు. రాబర్ట్‌సన్‌పేట నుంచి నాకు ఫోన్ చేయడం నాయన పోయాక ఇదే మొదటిసారి. ఏమన్నాడో అలాగే రాస్తున్నాను. "మీ అమ్మ ఎవురితోనో టీ అంగట్లో కూచోనుండాది. మా అన్న పేరు యాడ పెట్టేది? నువ్వు సంపాదిస్తా ఉండావు గదా, ఇంగ ఆ పని మానిపీ."

మా అమ్మ పని మా అమ్మ ఇష్టం అని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. మట్టి గురించి ఎంత ఉందో ఆ చిక్కవెంకటప్ప గురించీ అంత ఉంది. నాకు అప్పుడు కనపడలేదు. గదిలో అందరికీ చదివి వినిపించాను కూడా.

ఒక్కటే అడుగుతున్నాను. నాయన పటానికి పూలు పెడుతున్నావా?

నేత్రావతి


మారికుప్పం

నేత్రకు,

పెడుతున్నాను. ఈరోజు కనకాంబరాలు.

టీ అంగట్లో కూర్చున్నది నిజం. వాన పట్టుకుంది. రత్న ముందే ఇంటికి పోయింది. ఆయనా నేనూ ఇద్దరమే ఉన్నాం. నేను ఏదీ దాచిపెట్టి రాయలేదు తల్లీ. నాకే తెలియనిది నీకెలా రాస్తాను? ఆరోజు తెలిసింది.

ఆయన గ్లాసు కింద పెట్టి అన్నాడు. "సౌభాగ్యమ్మా, నాది ఒంటి బతుకు. పాపకు పెండ్లయి పోతే నీదీ ఒంటిదే అయితాది. ఒగ ఇంట్లో ఉందామా అని అడగతా ఉండా. రిజిస్టరు చేసుకొనే. తొందర లేదు. వద్దంటే రేపు కూడా ఇట్లే పనికి వస్తా, ఏమీ అనుకోను."

టీ చల్లారిపోయింది. వాన తగ్గాక ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం. దారంతా మీ నాయనతోనే మాట్లాడుకుంటూ వచ్చాను. మీ నాయనతో నేను బాగా బతికాను నేత్రా. గోడలకు రంగులు వేసి వచ్చి, ఒంటి మీద ఆ రంగుతోనే నిన్ను ఎత్తుకొని తిప్పేవాడు. నీ చెంప మీద రోజుకొక రంగు ఉండేది. ఆ బతుకును ఇప్పుడు వచ్చి ఎవరూ తీసేయలేరు. నేనూ తీయను.

కానీ నువ్వు నరసాపురం పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నా మాటకు బదులిచ్చేది కుక్కరు ఒక్కటే. అది కూడా మూడుసార్లు అరిచి ఊరుకుంటుంది.

నువ్వు వద్దంటే ఆయనకు వద్దని చెబుతాను. అది నాకు కష్టమేమో, చెప్పలేను, కానీ చెబుతాను. పని మాత్రం మానను. మీ చిన్నాయన చెప్పినా మానను, నువ్వు చెప్పినా మానను. ఆ నేల గుంటలు గుంటలుగా ఉన్నప్పుడు చూశాను. పచ్చగా అయ్యాక కూడా నేను చూడాలి.

కోపంలో కూడా వేళకు తిను.

అమ్మ


నరసాపురం,
వినాయక చవితి వెళ్ళాక

ప్రియమైన అమ్మకు,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదు, ఫోన్ ఎత్తలేదు. పండగకు కూడా ఓవర్‌టైమ్ అని రత్నక్కతో చెప్పించాను. ఓవర్‌టైమ్ లేదు. గదిలో పడుకొని ఫ్యాను చూస్తున్నాను.

మొన్న ఆదివారం నేను అక్కడికి వచ్చాను. ఇంటికి కాదు. కోలారులో బస్సు మారి ఊరిగాంలో దిగి నేరుగా బంగళాకే వచ్చాను. గడ్డి లారీ వస్తుందని మీరు ఆదివారం కూడా పనిలో ఉన్నారని రత్నక్కే చెప్పింది. దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. ఆయనను ఏమని అడగాలి, నిన్ను ఏమని అడగాలి అని. బస్సులో పక్కనామె నా పెదాలు కదలడం చూసి జపం చేస్తున్నాననుకొని కొంచెం జరిగి చోటిచ్చింది.

రోడ్డు అవతల మూసి ఉన్న అంగడి పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి చూస్తే నేల అంత పెద్దదని నాకు తెలియనే తెలియదు. తడిసి ఎర్రగా, ఆకాశం ఎంత ఉందో అంత. రత్నక్కా ఆయనా భుజాల మీద తాళ్ళు వేసుకొని నేల చదును చేసే పొడుగాటి చెక్క పలకను లాగుతున్నారు. పలక మీద బరువుకు నువ్వు నిలబడి ఉన్నావు. చీర కుచ్చెళ్ళు దోపుకొని, చేతుల్లో తాడు పట్టుకొని, వెనక్కి వాలి.

పలక ఏదో గడ్డకు తగిలి ఎగిరింది. నువ్వు పడబోయావు. ఆయన చటుక్కున ఆగి వెనక్కి తిరిగాడు. నువ్వు "పోనీ, పోనీ" అని అరిచి నవ్వావు. అమ్మా, నువ్వు నవ్వేటప్పుడు ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావు. ఆరోజు రెండు చేతుల్లోనూ తాడు ఉంది. నీ పైపన్ను ఒకటి కొంచెం పక్కకు ఉంటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

నువ్వు నీళ్ళు మోస్తుంటే చూశాను, ఇటుకలు మోస్తుంటే చూశాను, జ్వరంలో నాయనను మోస్తుంటే చూశాను. నిన్ను ఎవరైనా లాక్కొని పోతుంటే చూడలేదు. నేల చదునుగానే ఉన్నట్టుంది, అయినా మళ్ళీ ఇంకొక చుట్టు తిరిగారు. నువ్వు ఆ చివర నుంచి ఈ చివరకు నడవకుండా తేలుతూ వచ్చావు. మబ్బు పట్టి వెలుతురు మెత్తగా ఉంది. ఇది నా కలేమో, బస్సులోనే ఉన్నానేమో అని కూడా అనుకున్నాను.

చివర్లో నువ్వు దిగేటప్పుడు ఆయన చెయ్యి ఇవ్వలేదు. పలక కదలకుండా కాలితో తొక్కిపట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. నువ్వు నీ అంతట నువ్వే దిగావు. అది చూశాక పేర్చుకున్న మాటలేవీ మిగల్లేదు. వచ్చిన బస్సే ఎక్కి తిరిగి వచ్చేశాను.

నిన్న చిన్నాయనకు నేనే ఫోన్ చేశాను. "చిన్నాయనా, మా అమ్మ టీ తాగితే తాగనీ" అన్నాను. ఆయన పెట్టేశాడు.

నాకు బాధ లేదని అబద్ధం రాయను. నాయన గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి ఈ మధ్య కష్టపడాల్సి వస్తోంది, దానికి తోడు ఇది. కానీ వద్దని నేను చెప్పను. ఎప్పటికీ చెప్పను.

నీ
నేత్ర


మారికుప్పం,
పొద్దున, పనికి పోయే ముందు

నా ప్రాణమైన నేత్రకు,

ఆరోజు నేను నిన్ను చూశాను.

పలక మీద నిలబడితే మనిషి ఎత్తుగా ఉంటుంది కదా. గోడ మీదుగా రోడ్డు అవతల నీ పసుపు చున్నీ కనబడింది. నడక చూస్తే అనుమానమేమైనా ఉండేదేమో, నువ్వు నిలబడే తీరులో నాకు అనుమానం లేదు. చిన్నప్పుడు అలిగితే అలాగే ఒక కాలి మీద బరువు వేసి నిలబడేదానివి. నేత్రా అని పిలవడానికి నోరు తెరిచాను. అప్పుడే పలక ఎగిరింది.

పిలిచి ఉంటే నువ్వు వచ్చేదానివి. ఆయనకు నమస్కారం పెట్టి, రత్నతో రెండు మాటలు మాట్లాడి, కోపమంతా కడుపులో పెట్టుకొని మర్యాదగా నవ్వి పోయేదానివి. నువ్వు అలాంటి పిల్లవే, నేనే అలా పెంచాను. అందుకే పిలవలేదు. వచ్చినది చూడటానికే కదా, చూడనీ అనుకున్నాను. నేల అప్పటికే కుదిరింది. "ఇంగ చాలక్కా, భుజాలు పోతా ఉండాయి" అంది రత్న. నేనే ఇంకొక చుట్టు లాగమన్నాను. నువ్వింకా అక్కడే నిలబడి ఉన్నావు. ఉత్తరాల్లో రాయడం నాకు చేతకానిది నీకు ఆ చుట్టులో చూపించాలనుకున్నాను. దిగి చూసేసరికి నువ్వు లేవు. ఇక నువ్వు రాసేదాకా నేనూ నోరు మెదపకూడదని ఉండిపోయాను. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పను.

నీ ఉత్తరం వచ్చిన రోజే గడ్డి పరచడం అయిపోయింది. చాపల్లాగా చుట్టలు చుట్టి తెచ్చారు. అంచుకు అంచు చేర్చి పరిచి, అరచేతులతో అదిమాం. నా చేతులకు ఇంకా ఆ పచ్చివాసన ఉంది. వేళ్ళు దిగేదాకా దాని మీద ఎవరూ నడవకూడదు. పని చేసినవాళ్ళమందరం గోడ పక్కన వరసగా నిలబడి చూశాం, అంతే. మబ్బు నీడ ఒకటి దాని మీదుగా జారుకుంటూ పోయింది, ఎక్కడా తట్టుకోకుండా.

అప్పుడే ఆయనకు చెప్పాను. "మా పాప వద్దనలేదు. నేను కూడా వద్దనుకోలేదు."

ఆయన వంగి గడ్డి అంచు ఒకటి సర్దాడు. "సరేమ్మా" అన్నాడు.

"ఇంగ నన్ను అమ్మా అనద్దు," అన్నాను.

"మరి ఏమనేది?"

"పేరుండాది గదా."

ఆ పేరు ఆయన నోటికి రావడానికి ఎంతసేపు పట్టిందంటే, రత్నకు నవ్వు ఆగలేదు.

నోటీసు ఇచ్చాం, నెల ఆగాలన్నారు. దసరా పోయాక రిజిస్ట్రారు ఆఫీసులో. రత్న, ఆమె భర్త సాక్షి సంతకాలు పెడతారు. మూడో సంతకం నువ్వు పెట్టాలి. ఆయన మన ఇంటికే వస్తాడు. నాయన పటం సంగతి నేను అడగకముందే, "మునేషన్న పటం యాడుండాదో ఆడే ఉండనీ" అన్నాడు. మీ చిన్నాయన ఇంటికి నేనే పోయి చెప్పి వచ్చాను. ఆనంద్ వస్తాడో రాడో తెలియదు. వాళ్ళావిడ మాత్రం నాకు కుంకుమ పెట్టి పంపింది.

ఆయనను నువ్వు ఏమని పిలుస్తావో నీ ఇష్టం. మన ఊళ్ళో కూరగాయల బండివాణ్ణి కూడా అప్పా అనే పిలుస్తాం, ఆ మాటకు నువ్వు నాయన అని పెద్ద అర్థం పెట్టుకోవాల్సిన పని లేదు. ఏమీ పిలవకపోయినా ఆయన ఏమీ అనుకోడు.

ఆరోజు మధ్యాహ్నం వంట తానే చేస్తానంటున్నాడు. నిన్ను ఒక్కటే అడగమన్నాడు. "పాపకు కారం ఎక్కువ కావల్నా, తక్కువ కావల్నా?" రాయి.

నీ
అమ్మ